ఆశ చేతి కొలత

కీర్తిశేషులు గోవిందసామి నాయుడు గారి కుమార్తె, చెన్నై పెరంబూరులో కాపురముంటున్న పియానో టీచరు కనకవల్లి, వయసు డెబ్బై ఒకటి, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుద్ధి బాగానే ఉంది. ఇదివరకు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత, ముప్పై ఏళ్లుగా నా పియానోకు శ్రుతి చేస్తున్న శంకర్‌ది.

1. నేనుంటున్న ఫ్లాటు నా స్వార్జితం. నా తదనంతరం అది మా అన్న కొడుకు బాబుకు సర్వహక్కులతో చెందాలి. పియానో మాత్రం అతనికి కాదు. వచ్చినప్పుడల్లా “ఆ పెట్టిని ఎవురికన్నా ఇచ్చేయత్తా, ఈడ సోఫా వేసుకోవచ్చు” అంటాడు. ఇచ్చేస్తున్నాను నాయనా, వేసుకో.

2. అందరికీ ఒకే పాఠం నేనెన్నడూ చెప్పలేదు. చేరిన రోజున నోటుబుక్కు మొదటి పేజీ మీద చెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ చేతికి తగ్గ పాఠాలు రాసేదాన్ని. అంబత్తూరులో లేత్ మిషన్ మీద పనిచేసే పళనికి కుడిచేతి ఉంగరపువేలు లేదు. అతనికి తొమ్మిది వేళ్ల పాఠాలు రాశాను. ఎత్తు మార్చుకునే నా స్టూలు అతనికి. పాపం, పొట్టివాడు.

3. నా శిష్యుడు జయప్రకాష్ తన నోటుబుక్కును జిరాక్స్ తీయించి, తన స్కూల్లో అరవై మందికి అదే పాఠం చెబుతున్నాడు. ఒకరి మందుచీటీతో ఊరందరికీ మందు పోసినట్టుంది. అతనికి పన్నెండు తెల్ల నోటుబుక్కులు ఇస్తున్నాను. కోపం పోలేదు, అయినా ఇస్తున్నాను.

4. పియానో, దానితోపాటు ఉన్న సంగీతం కాగితాలన్నీ ఆశకు చెందాలి. ఏడేళ్లప్పుడు నా దగ్గర చేరింది. బుల్లి చెయ్యి. పియానో మీద ఎనిమిది మెట్ల దూరం వేళ్లు చాచాల్సిన చోటల్లా ఆమె కోసం కుదించి రాశాను. పదేళ్లు అలాగే రాస్తూ పోయాను. ఒక పెద్ద పోటీలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించమంటే ఆమెకు రాలేదు. చెయ్యి అందుతుంది, అలవాటే లేదు. తిన్నగా మా ఇంటికొచ్చి, “నా చెయ్యి ఎప్పుడో పెరిగిండాది మిస్. మీరు మళ్లా కొలవనేలేదు” అని వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లయింది.

మళ్లీ కొలవడం మరిచిపోయానని అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ చెయ్యి పెద్దదైపోతే ఇక నాతో పని ఉండదని భయపడ్డాను. జయప్రకాష్‌ను తిట్టే అర్హత నాకెక్కడిది?

5. పై ఆస్తి పుచ్చుకోవడానికి ఆశకు ఏ షరతూ లేదు. వాయించనక్కర్లేదు, నన్ను క్షమించనక్కర్లేదు. శంకర్ పియానోను ఆమె ఇంటికి చేర్చి, అక్కడే శ్రుతి చేసి రావాలి.

6. శనివారం నాలుగు నుంచి ఐదు దాకా ఆశ క్లాసు. ఈ తొమ్మిదేళ్లలో ఆ గంట ఎవరికీ ఇవ్వలేదు, ఎంతమంది అడిగినా. నాకు ఆమెను చూడాలని ఉంది. ఇలాంటిది వీలునామాలో రాయకూడదేమో, తెలియదు. నేను బతికుండగా ఆమె వస్తే నాలుగో అంశం రద్దు. పియానో నేనే నా చేతులతో ఇస్తాను. ఈ రోజు కూడా ఐదింటిదాకా చూసి, ఆ తర్వాతే ఇది రాయడానికి కూర్చున్నాను.

పెరంబూరు, 2024 ఆగస్టు 10, శనివారం

(సంతకం) జి. కనకవల్లి

సాక్షులు:
1. శేషాద్రి, పై అంతస్తు
2. చంద్రకళ, ఎదురు ఫ్లాటు