దారి తప్పిన బిడ్డ ఫోన్ నంబరు

జమ్మలమడుగు,
7 జూలై 2025, సోమవారం.

చిరంజీవి తబితాకు,

నాన్న దీవించి రాస్తున్నది. దేవుని దయవల్ల మీ అమ్మ క్షేమంగా ఉంది. నేను కోపంగా ఉన్నాను, అంటే నా ఆరోగ్యానికీ లోటు లేదన్నమాట. ప్రొద్దుటూరులో నీ గది, నీ తిండి ఎలా ఉన్నాయో రాయి. ఫోన్ చేస్తే మొదటి మాటకే నువ్వు ఎదురు చెప్తావు, రెండో మాటకు నేను పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం. ఇందులోనైనా నా మాట చివరిదాకా విను.

నిన్న చర్చిలో నా పరువు పోయింది. ప్రార్థన మనవుల చీటీల్లో నేనూ ఒకటి రాసి ఇచ్చాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసి, తోటల్లో డ్రిప్పు పైపులు బాగుచేస్తూ తిరుగుతున్న ఒక బిడ్డ దారికి రావాలని. పేరు రాయలేదు. పాస్టరుగారు చదవగానే అందరూ నా వైపే తిరిగారు. ఈ ఊళ్లో అలాంటి పిల్ల ఇంకెవరున్నారు?

తర్వాత సాక్ష్యాలు చెప్పే సమయంలో యేసుబాబు లేచాడు. మన వీధి చివర ఉంటాడే, కౌలుకు చీనీకాయల తోట చేసేవాడు. "పైపుల్లో ఉప్పు పట్టి చెట్లు ఎండిపోతాంటే తబితమ్మ వచ్చి రెండు పూటల్లో నీళ్లు పారిచ్చె, దేవునికి స్తోత్రం" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది! ఆరాధన అయ్యాక ఏడుగురు నా దగ్గరికి వచ్చారు. ఓదార్చడానికి వస్తున్నారనుకున్నాను. ఏడుగురూ "సార్, పాప నంబరు ఈయండి" అన్నారు. నేను కన్నీళ్లతో ప్రార్థన అడిగితే నీకు గిరాకీలు వచ్చాయి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, చర్చి మెట్ల మీద నిలబడి నీ నంబరు చెప్పాను. ఒకాయన తప్పు రాసుకుంటే దిద్దాను కూడా.

పరిచయాలే నా పెట్టుబడి అన్నావట మీ అమ్మతో. ఏం పరిచయాలమ్మా అవి? మోటార్లకు వైండింగ్ చేసే మున్వర్ తన షాపులో నీకొక బల్ల ఇచ్చి, వచ్చిన ప్రతి రైతుకూ నీ పేరు చెప్తున్నాడు. మంచివాడే, కాదనను. "మీ పాప శానా తెలివైంది సార్, కాలేజీలో ఆమెకు ఏంది నేర్పేది" అని నా మొహం మీదే అన్నాడు. రేపు అతని మనసు మారితే? ఇంకో ఊళ్లో నీకు పని వచ్చని చూపించడానికి నీ దగ్గర ఒక్క కాగితమైనా ఉందా?

అన్నిటికంటే నా ఒళ్లు మండించింది ఇంకొకటి. పులివెందుల దగ్గర నిర్మలమ్మ తోటల పని ఒప్పుకున్నావట. ఆమె తన బంధువులందరికీ నిన్ను పరిచయం చేస్తుందట. ఆ ఇల్లు ఎవరిదో నీకెవరూ చెప్పలేదా? నిర్మలమ్మ మామగారి కాలంలో మీ తాత పాలయ్య ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు జీతగాడు. వాకిట్లో నిలబడి "అట్లే సామీ" అనడం తప్ప మరో మాట ఎరగడు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి నేను కళ్లారా చూశాను. ఆ వాకిలి మళ్లీ తొక్కకూడదనే చదువుకున్నాను, నిన్నూ చదివించాను. నువ్వు ఆ చదువు వదిలేసి నేరుగా అక్కడికే వెళ్తావా? నీకు సిగ్గుగా లేదేమో తల్లీ, నాకు ఉంది.

కాలేజీలో మళ్లీ చేరడానికి ఈ శుక్రవారం, 11వ తేదీ ఆఖరు. ఫారం తెచ్చి పెట్టాను, నీ సంతకం ఒక్కటే కావాలి. నేను బలవంతం చేయను, ఆ అలవాటు నాకు లేదు. గురువారంలోగా వచ్చి సంతకం పెట్టు. రాకపోతే సీటు పూర్తిగా పోతుంది, తర్వాత నువ్వు ఏడ్చినా నేను వినను.

నీ మేలు కోరుతూ, నీ మీదే మండిపడుతున్న
మీ నాన్న
జయపాల్

తా.క. శనివారం, 12వ తేదీ.

ఈ ఉత్తరం పోస్టు చేయలేదు, ఇంకా నా సంచిలోనే ఉంది. బలవంతం చేయనని పైన రాశానే, అది అబద్ధం. ఆ మాట రాసేసరికే ఫారం మీద నీ సంతకం నేనే పెట్టేశాను. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం పెట్టుకొచ్చిన పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ని నేను.

నిన్న ఆ ఫారం తీసుకుని నీ కాలేజీకి బయల్దేరాను. మా బిడ్డను పనికి పిలవొద్దని నిర్మలమ్మకు చెప్పి పోదామని దారిలో పులివెందులలో దిగి, వాళ్లింటికి వెళ్లాను. గేటు దగ్గరే ఆగిపోయాను. నువ్వు లోపల ఉన్నావు, నన్ను చూడలేదు. "వారానికోసారి ఫిల్టరు కడగమని చెప్పినా గదమ్మా, ఎందుకు కడగలేదు? ఇట్లయితే నేను రాను, ఇంకొకరిని చూసుకోండి" అని నిర్మలమ్మను నిలబెట్టి తిడుతున్నావు. ఆమె "తప్పైపాయె పాపా, ఈసారి కడిగిస్తా" అంటోంది. ఆ వాకిట్లో మన ఇంటివాళ్ల గొంతు లేవడం నేను పుట్టాక అదే మొదటిసారి. చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత తిరిగి జమ్మలమడుగు బస్సే ఎక్కాను.

గడువు నిన్నటితో అయిపోయింది. నీ సీటు పోయింది తబితా, పోగొట్టింది నేనే. కోపం వస్తే ఇంటికి రా. ఆమెను తిట్టినట్టే నన్నూ నిలబెట్టి తిట్టు.