స్వాతి గారికి తెచ్చిన చేపలు

ఏలూరు, ఆదివారం, 2007

యావత్ మానవాళికి, ముఖ్యంగా మా ఎం.ఏ. గైడు గారికి, సాష్టాంగపడి క్షమాపణలు. డిజిటల్ సంస్కృతి మీద ప్రాజెక్టు కోసమే చాటింగులో స్వాతి అనే అమ్మాయినయ్యాను. మూడు నెలలుగా నాతో మాట్లాడుతున్న కొల్లేరు కుర్రాడు ఈవేళ చెప్పాపెట్టకుండా నేను కూర్చునే నెట్ సెంటరుకే వచ్చేశాడు, చేతిలో తడి సంచితో.

"ఏవండీ, స్వాతి గారు ఇక్కడికే వస్తారట. మీకు తెలుసాండీ?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "మా పక్కిల్లేనండీ" అని వచ్చింది.

"అయితే వచ్చే ఆదివారం మా నాన్నగారిని తీసుకొస్తానండీ. ఇల్లు మీరే చూపించాలి."

మా పక్కింట్లో ఉండేది రిటైరైన హెడ్ కానిస్టేబులు. ఆ కుర్రాడి నాన్నగారు వచ్చి నిలబడితే ఎవరిని చూపించను?

అబద్ధాలన్నీ ప్రాజెక్టు ఖాతాలోవి. నేను స్వయంగా చేసింది ఒక్కటే. స్వాతి గారికి ఇస్తానని చెప్పి ఆ సంచిలోని కొర్రమీనులు పుచ్చుకుని, అమ్మ చేత పులుసు పెట్టించుకుని తిన్నాను.