నారింజ రంగు పిగిలిపిట్ట

సూరత్,
14 జూన్ 2021.

ప్రమీల గారికి,

హరిణి నమస్కరించి రాస్తున్నది. మీరూ, మీ అత్తగారు నర్సవ్వ గారూ కాస్త అన్నం ముద్ద తింటున్నారని ఆశిస్తాను. ఆ రోజు ఫోను మధ్యలోనే పెట్టేశాను. మీరు అడిగింది ఒక్కటే. ఒక పిట్ట కోసం మనిషిని ఎందుకు చంపారని.

బట్టల మిల్లులో షిఫ్టులు ఆగిపోయాక మీవారు గణపతన్న ఏడు నెలలు నా పరిశోధనలో తోడున్నారు. మా పని పిగిలిపిట్టల మీద. ఇక్కడ రెండు రకాలున్నాయి. ఒకదానికి తోక కింద ఎరుపు. ఇంకోదానికి అక్కడ పసుపు, చెంపలు తెలుపు. రంగు చూసి జతకడతాయి కాబట్టే రెండు జాతులుగా విడిపోయాయేమోనని మా అనుమానం. జన్యువుల్లో చాలా భాగం ఒకటే. రంగును మార్చే ఆ కొద్ది తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి రెక్క దగ్గర ఒక్క చుక్క నెత్తురు తీసి వదిలేసేవాళ్లం. ఇది విని ఆయన, "గింత జరంత ఫరక్‌కే అలగ్ జాతులా మేడం?" అని నవ్వారు.

ఏప్రిల్ 27 పొద్దున, బమ్రోలిలో మిల్లుల వెనక తుమ్మచెట్ల దగ్గర ఒక పిట్ట వలలో పడింది. చెంపలు తెలుపు, తోక కింద నారింజ. రెండు జాతులకూ కలిసి పుట్టినది! నెత్తురు పట్టే సీసాలు తెమ్మని నన్ను బండి దగ్గరికి పంపింది ఆయనే.

ఆ వారం ఆ బస్తీలో కరోనాతో శవం లేవని రోజు లేదు. ఆయన సూదితో పిట్టను గుచ్చడం మేడ మీంచి ఎవరో చూశారు. పిట్టలకు బీమారీ ఎక్కించి వదులుతున్నాడని అరిచారు. ముప్పై మంది దిగారు. ముందున్నవాడు ముందురోజే భార్య శవాన్ని దహనం చేసి వచ్చినవాడు. ఇనప రాడ్డుతో తల మీద కొట్టాడు. గణపతన్న పడిపోయి కూడా గుప్పిట విప్పలేదు. విప్పేదాకా మణికట్టును తొక్కారు. పిట్టను గోడకేసి కొట్టారు. తర్వాత ఇటుకలు.

నేను పోలీసుల కోసం పరుగెత్తాను. వాళ్లతో తిరిగొచ్చేసరికి ఒక కన్ను లేదు, పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో మంచం దొరకలేదు. మధ్యాహ్నం వరండాలోనే ప్రాణం పోయింది. ముఖం కనబడకుండా చుట్టమన్నది నేనే. మీరు చూడకూడదనుకున్నాను. క్షమించండి.

ఇట్లు,
హరిణి

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. నేను పరుగెత్తలేదు. బండి దగ్గరే, ఇరవై అడుగుల దూరంలో నిలబడే ఉన్నాను. అటవీశాఖ అనుమతి కాగితం నా సంచిలోనే ఉంది. "మా మేడం దగ్గర కాగజ్ ఉన్నది, అడుగుండ్రి" అని వాళ్లకు హిందీలో చెబుతూ ఆయన నావైపు చెయ్యి చాపారు. రాడ్డు పట్టుకున్నవాడు నా దగ్గరికొచ్చి, వీడు నీ మనిషేనా అని హిందీలో అడిగాడు. కాదన్నాను. వాడు నమ్మలేదు, నా జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు గణపతన్న నెత్తురు ఉమ్మి, "జానే దో భాయ్, ఆమె ఎవరో నాకెర్క లేదు" అన్నారు.

వాడు నన్ను వదిలేసి ఆయన దగ్గరికే వెళ్లాడు.

నిన్న పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఇదంతా రాసిచ్చి వచ్చాను.