బొచ్చె చేపలకు పట్టిన బూజు

నాయనా, వేంసూరులో అందరం బాగున్నాం. ఫోన్‌లో అయితే నన్ను మాట్లాడనివ్వవని కార్డు రాస్తున్నాను, అక్క చదివి వినిపిస్తుంది.

నువ్వు కంటి ఆపరేషన్‌కని అక్క దగ్గరికి వెళ్లిన వారానికే చలి ముదిరి, మన చెరువులో బొచ్చె చేపలకు దూదిలాంటి బూజు పట్టింది. చేపలు కొనే జానీ మియా చూసి, "జల్దీ అమ్మెయ్ బిడ్డా, అన్నీ పోతయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వల గీరుకుని గాయమైన వాటికే బూజు పట్టిందని గమనించి, వల వేయడం ఆపించాను. చచ్చినవి పూడ్చి, బూజు పట్టినవి ఉప్పునీళ్లలో ముంచి వేరే గుంటలో వదిలాను. పది రోజులుగా కొత్తగా ఒక్కదానికీ రాలేదు. "నువ్ జెప్పిందే నిజమైంది బిడ్డా" అని నిన్న జానీ మియానే అన్నాడు.

చెరువు నేను చూసుకుంటాను, రంది పెట్టుకోకు. దగ్గు తగ్గిందా? అక్కా, కట్టు విప్పకముందే నాయన బస్సెక్కుతానంటే చెప్పులు దాచెయ్. అందరికీ వందనాలు.

హెప్సిబా