మైలవరం పేరు తీసేశాను

మే 1989, నూజివీడు, రాత్రి

మైలవరం ఆఫీసు ఆపరేటర్ సరళ చనిపోయాక, అక్కడ ఆమె కంప్యూటర్‌కి వైర్లు పీకేశారు. ఫోన్ లైన్ మీద కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పోయే మామిడి ఆర్డర్లు ఇక అక్కడికి వెళ్లకుండా దారి మార్చిన ఫైల్‌ని ఫ్లాపీలో తీసుకెళ్లి, ఒక్కో ఆఫీసులో కాపీ చేస్తూ వచ్చాను. ఈరోజు ఉంగుటూరు, అదే చివరిది. అక్కడి ఆపరేటర్ రమణ మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, ఇక్కడింకా పాత ఫైలే కదండీ. పొద్దున ఆర్డరు మైలవరానికే పోయింది. అందిందని జవాబు కూడా వచ్చిందండీ!"

"ఆ కంప్యూటర్‌కి కరెంటే లేదయ్యా!"

స్క్రీన్ మీద నిజంగానే ఉంది. 'అందింది' అని, కింద సరళ పేరు. 'ఎవరు?' అని టైప్ చేయబోయి మానేశాను. గబగబా కొత్త ఫైల్ ఎక్కించాను. ఆర్డర్లు వెళ్లే ఊళ్ల జాబితాలోంచి మైలవరం పేరు పోయింది.

బస్సు ఎక్కాక ఏడుపొచ్చింది. సరళ మాతో మాట్లాడగలిగిన దారి అదొక్కటేనేమో. నేనే మూసేశాను.