వడియాల కింద సోలార్

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకి రెండేళ్ళు. గుడియాత్తంలో మన ఇంటెనక, నాకు ఈత నేర్పించేదానికి నువ్వు కట్టించిన పూల్‌కి సోలార్ పెట్టించినాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినాక, నీళ్ళలో నడిస్తే కాలు బాగా వంగుతుందని వేలూరు డాక్టరు చెప్పినాడు. చన్నీళ్ళలో దిగనంటే దిగనని అమ్మ మొండికేసింది. అందుకే మిద్దె మీద నల్ల గొట్టాల పలకలు పరిపించినాను. పూల్ నీళ్ళు మోటారుతో వాటిలోకెక్కి, వేడెక్కి కిందికొస్తాయి. బిగించేదానికొచ్చినాయన "ఈ ఊరి ఎండ చాల్లేదా పాపా?" అని నవ్వినాడు.

నాలుగు రోజులైనా నీళ్ళు జిల్లుమంటానే ఉండినాయి. ఆయనతో కొట్లాడే ముందు మిద్దెక్కి చూస్తే, పలకల పొడుగునా అమ్మ పాత చీర, దాని మీద వడియాలు.

"నల్లగా బాగా కాల్తా ఉండాది గదే, బిరీన ఆరతాయి," అనింది అమ్మ.

"ఆ కాలితో ఎట్లెక్కినావు?"

"ఒక్కో మెట్టు మీదా కూర్చోని ఎక్కినాలే."

వడియాలు తీసేసినాక మూడో రోజుకి, అంటే ఈ సాయంత్రానికి, నీళ్ళు గోరువెచ్చనైనాయి. అమ్మ నైటీ మీద తువ్వాలు కప్పుకోనొచ్చి కాలు ముంచి చూసింది. "మీ నాయన ఎన్నిసార్లు పిలిచినాడో," అని మాత్రం అని, దిగింది. మొదట నా చెయ్యి పట్టుకోని నడిచింది. నడిమధ్యకొచ్చినాక వదిలేసింది. అవతలి గోడ తాకి, తిరిగొచ్చి, మళ్ళీ పోయింది.

చాలు రామ్మా అంటే, "నువ్వు పోయి అన్నానికి పెట్టు, నేనొస్తా" అనింది.

నేను పోలేదు. గట్టు మీద కూర్చోని నీకిది రాస్తా ఉండాను. అమ్మ ఇంకా నడస్తానే ఉండాది.