ఎలక్టోరల్ కాలేజీకి ఆటో

లేడీస్ హాస్టల్, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

నాన్నకి,

నీ పెద్ద కూతురు నీలవేణి దణ్ణం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను, అమ్మ అడిగే లోపే చెప్పేస్తున్నాను. అక్కడ నువ్వూ, అమ్మా, నానమ్మా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నానమ్మ కంట్లో చుక్కల మందు వేయించుకుంటోందా, లేక వేసేసుకున్నానని మీ అందరినీ నమ్మిస్తోందా? ఎర్రావు ఈనిందా లేదా ఎవరూ చెప్పడం లేదు.

ఫోను ఉండగా ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోనులో నేను ఒక మాట ఎత్తగానే నువ్వు "సిగ్నల్ లేదే అమ్మీ" అని పెట్టేస్తావు. ఉత్తరానికి సిగ్నల్‌తో పని లేదు. ఆ మాటేమిటో నీకు తెలుసు, బాబాయి మాట. సర్పంచి ఎన్నికల్లో సొంత తమ్ముడు నీ మీద నిలబడి గెలిచిన రోజు నుంచి మనింట్లో ఆ పేరు లేదు. రెండిళ్ళ మధ్య గోడలో ఉన్న గుమ్మానికి నువ్వు గొళ్ళెం పెట్టేశావు. పిన్ని పప్పు గిన్నె పట్టుకుని వీధి చుట్టూ తిరిగి రావలసి వస్తోంది, అదీ నువ్వు ఇంట్లో లేనప్పుడు. సరే, ఆ సంగతి తర్వాత. కోపం వస్తే కాగితం కాసేపు పక్కన పెట్టు, చింపకు.

ముందు నా కబుర్లు. వైజాగ్ ఉక్క అలాగే ఉంది. ఆరేసిన చున్నీ సాయంత్రానికి ఆరదు, ఉప్పగా అవుతుంది. వచ్చిన కొత్తలో రేవులో ఓడ కూత పెడితే ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని, ఇప్పుడు అది వినపడకపోతేనే ఏదో వెలితిగా ఉంటోంది. మెస్‌లో చారు తియ్యగా ఉంటుంది నాన్నా, బెల్లం ఎవరు వెయ్యమన్నారో! అమ్మని కాస్త చోడి పిండి పంపమని చెప్పు, అంబలి కాచుకుంటాను. ఆదివారాలు అందరూ ఇళ్ళకి పోతే కారిడార్ అంతా ఖాళీ అయి దిగులేస్తుంది. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. మా క్లాసులో ఈసారి అమెరికా ప్రభుత్వం పాఠం. నాన్నా, నాకు పిచ్చెక్కిపోయిందనుకో! మా సారు పుస్తకం మూసేసి, "చదివితే ఏం తెలుస్తుంది, ఎన్నిక పెట్టేద్దాం" అన్నారు. యూనివర్సిటీలో ఒక్కో డిపార్ట్‌మెంటూ ఒక్కో రాష్ట్రం. ఇంజనీరింగ్ వాళ్ళు పెద్ద రాష్ట్రం, సంస్కృతం వాళ్ళు బుల్లి రాష్ట్రం. అధ్యక్ష పదవికి ఒక వైపు నేను, ఇంకో వైపు రేష్మా. రేష్మాది ఇక్కడే, వైజాగ్ పాత ఊరు, వాళ్ళ నాన్న నేవీ వాళ్ళకి యూనిఫారాలు కుడతారు. మధ్యాహ్నాలు మెస్‌లో నా పక్కన కూర్చునేది తనే. ఎన్నికలు వచ్చేసరికి ఎదురు బల్లకి మారిపోయింది.

పదిహేను రోజులు గొంతు పోయేలా తిరిగాను. నీ నుంచి వచ్చిన రోగమే కదా ఇది! నువ్వు ఇంటింటికీ తిరిగి ముసలమ్మల కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు నేను క్లాసు క్లాసుకీ తిరిగాను. కామర్స్ వాళ్ళూ, మా హాస్టల్ అమ్మాయిలూ గంపగుత్తగా నాకే వేశారు. మొత్తం ఓట్లు లెక్కపెడితే నావే ఎక్కువ. కానీ ఓడిపోయాను.

ఎలాగంటే, అక్కడ అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని కొన్ని ఓట్లుంటాయి. ఆ రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా అవన్నీ గెలిచినవాళ్ళకే పోతాయి, ఒకటి రెండు రాష్ట్రాల్లో తప్ప. నాకు కామర్స్‌లో కుప్పలు తెప్పలుగా పడ్డాయి, లాభమేముంది? రేష్మా చాలా చోట్ల బొటాబొటీగా గెలిచి రాష్ట్రాలన్నీ ఎత్తుకుపోయింది. ఈ పద్ధతినే ఎలక్టోరల్ కాలేజీ అంటారు. దానికి భవనం లేదు, గేటు లేదు, ప్రిన్సిపాలు లేడు.

ఇదెంత అన్యాయమో అని మొదట మండిపడ్డాను. ఇప్పుడు సగం మండిపడుతున్నాను. చిన్న రాష్ట్రాలని పెద్దవి మింగేయకుండా పెట్టుకున్నారట. వాళ్ళ పై సభలో పెద్ద రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు, చిన్నదానికీ ఇద్దరే. మన ఊళ్ళో పెద్దింటికీ చిన్నింటికీ అమ్మవారి ప్రసాదం ఒకే దోసెడు పెట్టినట్టు. అది నాకు నచ్చింది. అధ్యక్షుడు ఎంత గొప్పవాడైనా డబ్బు సంచి చట్టసభ చేతిలో ఉండడం ఇంకా నచ్చింది. అధ్యక్షుడూ చట్టసభా మంకుపట్టు పడితే ఆఫీసులు మూసేసి ఉద్యోగులని ఇంట్లో కూర్చోబెడతారట, అది మాత్రం వెధవ పని. ఓటు మంగళవారం పెడతారు, దేశమంతటికీ సెలవు ఉండదు. కూలికెళ్ళేవాడు ఎప్పుడు వేస్తాడు చెప్పు? వేలికి సిరా కూడా ఉండదు నాన్నా! సిరా లేకపోతే ఓటేసినట్టు నానమ్మ ఒప్పుకుంటుందా? ఓటుకి సెలవూ, వేలికి సిరా, ఈ రెండూ వాళ్ళు మన దగ్గర నేర్చుకోవాలని పరీక్షలో కూడా రాస్తాను, మార్కులు పోతే పోనీ.

మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. ఫలితం తేలగానే మా సారు నన్ను పిలిచి, "ఇంకా అయిపోలేదు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఫోన్ చేసి అభినందించాలి, అక్కడ అది ఆనవాయితీ" అన్నారు. చట్టం ఏమీ కాదట, మర్యాద. అందరూ ప్రతిసారీ పాటిస్తారనీ కాదు, పాటించనప్పుడు ఎంత గొడవవుతుందో కూడా చదువుకున్నాం. నాకు చచ్చినా చెయ్యాలనిపించలేదు. రేష్మా అదే వరండాలో అటు చివర నిలబడి ఉంది. ఫోన్ తీసి చేశాను. "అధ్యక్షురాలు గారూ, అభినందనలు" అన్నాను. చూస్తే అది ఏడుస్తోంది. "నీలా, ఇంక నాతో మాట్లాడవనుకున్నా" అంది. ఆ వారమే వాళ్ళింటికి తీసుకెళ్ళి బిర్యానీ పెట్టింది. వాళ్ళ నాన్న నా కంచంలో వడ్డిస్తూ "తిను బేటీ, ఓడినోళ్ళకి రెండు ముక్కలు ఎక్కువ" అన్నారు. మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చేసింది రేష్మా.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. కానీ అమ్మ చెవిలో పడింది ఒక్కటే, "ఓట్లు నావే ఎక్కువ, ఎలక్టోరల్ కాలేజీ వల్ల ఓడిపోయాను" అని. ఎవరో పక్క కాలేజీ వాళ్ళు వచ్చి దొంగతనంగా ఓడించేశారని కుళాయి దగ్గర అందరికీ చెప్పేసింది. నువ్వూ అదే నమ్మి ఉంటావు. ఆ మాట పిన్ని చెవిన పడింది, పిన్ని నోట బాబాయి చెవిన పడింది.

మొన్న శుక్రవారం హాస్టల్ గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారని వాచ్‌మన్ కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే బాబాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు.

"ఏటే అమ్మీ, నిన్ను ఓడించీసిన ఆ కాలేజీ ఎక్కడున్నాదే? పొద్దుట్నుంచీ తిరగతన్నాను!"

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, ఎలక్టోరల్ కాలేజీకి ఎంతని ఆటోవాణ్ణి అడిగాడట. వాడు "ఎలక్ట్రికల్ కాలేజీ గదా బావా, ఎక్కు, నాను దింపీత్తాను" అని ఊరి చివర కరెంటు పని నేర్పే ఐటీఐ దగ్గర దింపేశాడు. బాబాయి తిన్నగా లోపలికెళ్ళి "మా పిల్లని అన్నేయంగా ఓడించీసింది మీరేనా?" అని నిలదీశాడట. వాళ్ళు మంచినీళ్ళిచ్చి, "మాకు ఎలక్షన్లు లేవండీ, ఫ్యాన్లు బాగుచేస్తాం" అన్నారట.

నవ్వలేక చచ్చాను నాన్నా. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను కూడా. తన అన్న కూతుర్ని ఎవరో ఓడించారని, ఒక్క మాట విని, పని మానుకుని వచ్చాడు ఆ మనిషి.

బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళి మరమరాల మురీ మిక్చర్ కొనిపెట్టాను. గోడ మీద కూర్చుని ఎలక్టోరల్ కాలేజీ అంతా మళ్ళీ చెప్పాను.

"అయితే కాలేజీయే లేదేటి?" అన్నాడు నీరసంగా.

"లేదు బాబాయ్. నన్ను ఓడించింది నా నేస్తమే. నానే ఫోన్ సేసి మెచ్చుకున్నాను."

"ఓడిపోయినోల్లు గెలిసినోల్లకి ఫోన్ సేత్తారా?" అని పొట్లంలో మిగిలిన పల్లీలు ఏరుకున్నాడు. "మీ నాన్న నాకు సెయ్యలేదే" అన్నాడు.

నాకు నీ తరఫున కోపం వచ్చింది. "నువ్వు గెలిసిన రోజున మా గుమ్మం ముందల బాంబులు కాల్సేత్తే ఎవులు సేత్తారు బాబాయ్? నానమ్మ సెవులు మూసుకుని మంచం కిందకి ఎల్లిపోయింది" అన్నాను.

"నాను కాల్సలేదే. కుర్రోల్లు కాల్సినారు." మళ్ళీ తనే, "ఆపొచ్చును. ఆపలేదు. దండలేసి బుజాల మీదకి ఎత్తీసరికి తల తిరిగీసింది" అన్నాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి చెప్పాడు. "ఒక మాట సెప్తాను, అన్నియ్యకి సెప్పకు. ఓటెయ్యడానికి గుడ్డ ఎనక్కి ఎల్లాను. నా గుర్తు కత్తెర గదా, దాని మీద గుద్దాల. సెయ్యి రాలేదే. సిన్నప్పుడు గెడ్డ పొంగితే నన్ను బుజమ్మీద ఎక్కించుకుని బడికి దాటించినోడు. ఉంగరమ్మీద గుద్దీసి వొచ్చీసాను."

ఉంగరం నీ గుర్తు నాన్నా. ఆయన ఓటు నీకే పడింది.

మన వీధిలో నీకు పడ్డ ఓట్లు ఎవరెవరివో నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడివి. ఒకటి ఎవరిదో తేలేది కాదు. అందరి మీదా అనుమానపడ్డావు గానీ ఆ మనిషి నీకు తట్టలేదు. చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకోబోయాడు, నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. అందుకే చెప్పేస్తున్నాను.

సాయంత్రం బస్సెక్కే ముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి ఎండు నెత్తళ్ళు కొన్నాడు. రెండు పొట్లాలు కట్టించాడు. రెండోది ఎవరికని అడిగితే, "అన్నియ్యకి ఇట్టం గదా" అన్నాడు. ఎలా ఇస్తాడో మాత్రం చెప్పలేదు.

నేనేమీ నీకు బుద్ధులు చెప్పడం లేదు నాన్నా. అమెరికా వాళ్ళు గొప్పవాళ్ళనీ అనడం లేదు. ఓడిపోయి ఫోన్ చెయ్యడం ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు, అంతే. బాబాయి చేస్తే నువ్వు ఎత్తవు. ఆయన నంబరు నీ ఫోనులోంచి తీసేశావు గానీ అమ్మ ఫోనులో ఉంది. లేదా ఫోనెందుకు, గోడకి అవతలే కదా ఉన్నాడు.

నానమ్మ పాదాలకి నా దణ్ణం. అమ్మకి ముద్దులు, ఎలక్టోరల్ కాలేజీ అంటే కాలేజీ కాదని కుళాయి దగ్గర కూడా చెప్పమను. పిన్నిని అడిగానని చెప్పు, నువ్వే చెప్పు. ఎర్రావు ఈనితే జున్ను దాచండి. నా తల మీద చెయ్యి పెట్టి దీవించినట్టే అనుకుని ఇక్కడితో ఆపుతున్నాను.

ఓట్లూ గుర్తులూ లెక్క చూడని నీ కూతురు,
నీలవేణి

తా.క. గొళ్ళెం మన వైపు ఉంది నాన్నా. బాబాయి అటు నుంచి తియ్యలేడు.